మాంసం, పాలు రెండూ మానేసి మొక్కల తిండికి మారాలంటే: సీమ ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు వంటకు, ఇక్కడ దొరికే సరుకుకు సరిపోయేలా రాసిన జవాబులివి. గ్లాసు అంటే 200 మిల్లీలీటర్లు పట్టే స్టీలు గ్లాసు. గింజల తూకాలన్నీ నానబెట్టకముందు తూచినవి.

ఇది శాకాహారమే కదా, కొత్తగా ఏముంది?

మన దగ్గర శాకాహారం అంటే సియ్యలు, చేపలు, గుడ్డు ఉండవని అర్థం. పాలు, పెరుగు, నెయ్యి మామూలే. ఇక్కడ అవి కూడా ఉండవు. చాలామంది తేనె కూడా మానేస్తారు. దీన్నే వీగన్ తిండి అంటున్నారు.

పేరు కొత్తదే కానీ తిండి మరీ కొత్తది కాదు. రాగి సంగటి, జొన్నరొట్టె, సజ్జరొట్టె, చెనిక్కాయల (వేరుశనగ) ఊరుబిండి, ఉలవచారు, అలసందల పులుసు, గుత్తొంకాయ, ఉగ్గాని వీటిలో పాలచుక్క లేదు. మెట్టచేలలో పండేదంతా ఇంతకుముందే మీ పళ్లెంలో ఉంది. ఆదివారం కూర మానడం చాలామందికి అనుకున్నంత కష్టం కాదు. పొద్దున టీ, భోజనం చివర పెరుగన్నం దగ్గరే కాలు జారుతుంది. అందుకే ఈ జవాబుల్లో మాంసం కన్నా పాల గురించే ఎక్కువ ఉంటుంది.

ఏది ముందు మానాలి? ఒక్కసారిగా మానేయొచ్చా?

మానడానికి ముందు చేర్చండి. మొదటి రెండు వారాలు ఏదీ తగ్గించకుండా రోజూ ఒక పూట గింజల కూర (ఉలవలు, అలసందలు, పెసలు, అనపగింజలు) అలవాటు చేసుకోవాలి. పేగులకు ఆ పీచు అలవాటయ్యాక, మూడో వారం నుంచి మాంసం, గుడ్డు ఆపొచ్చు. కార్తీకమాసంలోనో శనివారాల్లోనో కూర మానే ఇళ్లకు ఇది సులువు. పాలు చివర్లో పెట్టుకోండి. మొదట టీలో, తర్వాత నెయ్యి, ఆఖరుకు పెరుగు.

ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. మాంసం మానిన వారమే పనీరు, పెరుగు, నెయ్యి రెండింతలు చేస్తారు. కడుపు నిండుతుంది, నాలుక ఊరుకుంటుంది కాబట్టి మారినట్టే అనిపిస్తుంది. తీరా పాలు మానాల్సిన రోజు వచ్చేసరికి పళ్లెంలో అన్నం, చారు, ఊరగాయ మాత్రమే మిగులుతాయి.

మాంసం లేకపోతే ప్రోటీన్ ఎక్కడి నుంచి వస్తుంది?

జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. సీమ వంటతోనే ఇది ఇలా వస్తుంది: సంగటిలో 100 గ్రాముల రాగిపిండి నుంచి 7, అందులో వేసిన 50 గ్రాముల బియ్యం నుంచి 3, రెండు జొన్నరొట్టెల (100 గ్రాముల పిండి) నుంచి 10, కందిబేడలు 50 గ్రాములైతే 11, ఉలవలో అలసందలో 40 గ్రాములైతే 9, చెనిక్కాయలు 40 గ్రాములైతే 10. మొత్తం 50.

ఇందులో బేడలూ గింజలూ తీసేసి చూడండి, 30 కి పడిపోతుంది. నీరసమంతా అక్కడే మొదలవుతుంది.

"చెనిక్కాయలు బాగా తింటున్నాం కదా, బేడలెందుకు" అని అనంతపురం వైపు తరచూ అడుగుతారు. చెనిక్కాయలో ప్రోటీన్ ఎక్కువే, కానీ లైసిన్ అనే భాగం తక్కువ. రాగి, జొన్న, బియ్యంలోనూ అదే తక్కువ. అది బాగా ఉండేది బేడల్లో, ఉలవల్లో, అలసందల్లో. కాబట్టి సంగటికి చెనిక్కాయ చట్నీ ఒక్కటే చాలదు, రోజులో ఒక పూట పప్పో పులుసో ఉండాల్సిందే.

చెనిక్కాయల గురించి ఇంకో మాట. కాయ ఊరే సమయంలో వానలేక బెట్టకు వచ్చిన పంటలో, తడిసి సరిగా ఎండని కాయల్లో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది కాలేయానికి చేటు. వేయించినా పూర్తిగా పోదు. ముడుచుకున్నవి, రంగు మారినవి, నోట్లో వేస్తే చేదు తగిలేవి ఏరి పారేయండి. రోజూ తినే సరుకు కాబట్టి ఆ పది నిమిషాల పని మానొద్దు.

ఉలవలు, అలసందలు ఎంతసేపు ఉడికించినా గట్టిగానే ఉంటున్నాయి. పైగా గ్యాస్.

మూడు కారణాలు. మొదటిది నీళ్లు. మన బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఇవి గింజ తోలును గట్టిపరుస్తాయి. నానబెట్టడానికీ ఉడికించడానికీ ఫిల్టరు నీళ్లో వాననీళ్లో వాడండి, తేడా ఆ రోజే తెలుస్తుంది. రెండోది చింతపండు, టమేటా. పులుపు ముందే పడితే గింజ ఇక మెత్తబడదు. గింజ నలిపితే నలిగేదాకా పులుపు వేయొద్దు. మూడోది పాత సరుకు. రెండేళ్లు నిలవున్న ఉలవలను ఎన్ని విజిల్స్ పెట్టినా అంతే.

ఉలవలు 10 నుంచి 12 గంటలు నానాలి, కుక్కర్లో 6 నుంచి 8 విజిల్స్. అలసందలకు 6 గంటలు, 3 విజిల్స్ చాలు. సోడా చిటికెడు వేస్తే ఉడుకుతాయి నిజమే, కానీ బి1 విటమిన్ పోతుంది. రోజూ వేసే అలవాటు మంచిది కాదు.

గ్యాస్‌కు మందు నానబెట్టిన నీళ్లు పారబోయడం, మొలకెత్తించడం, ఇంగువ, వాము. అన్నిటికన్నా ముఖ్యం నెమ్మదిగా పెంచడం. మొదటి వారం రోజుకు 20 గ్రాములు, రెండో వారం 30, తర్వాత 40. మొదటి రోజే పెద్ద గిన్నెడు తిని కడుపుబ్బరంతో మానేసినవాళ్లే ఎక్కువ.

బి12 మాత్ర నిజంగా అవసరమా? మన పెద్దోళ్లు వేసుకోలేదు కదా?

అవసరం. ఇందులో బేరం లేదు. పెద్దోళ్లు మజ్జిగ తాగారు, అప్పుడప్పుడు కూర తిన్నారు. మొక్కల్లో నమ్మదగ్గ బి12 లేదు. చద్దన్నం, ఇడ్లీ పిండి, పులిసిన అంబలి వీటిలో ఉందని చెప్పే మాటలు నమ్మి ఉండలేం. స్పిరులినాలో ఉండేది ఎక్కువగా శరీరం వాడుకోలేని నకలు రూపం.

కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి కొందరికి రెండు మూడేళ్లు ఏమీ తెలియదు. తర్వాత అరికాళ్లు తిమ్మిరెక్కడం, నాలుక ఎర్రబడి మండడం, మతిమరుపు, మెట్లెక్కితే ఆయాసం. నరాలు దెబ్బతిన్నాక పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. ఆకుకూరలు బాగా తినేవాళ్లకు ఫోలేట్ సరిపడా ఉండి రక్తహీనత బయటపడకపోవచ్చు, లోపల నరాలకు జరిగేది జరుగుతూనే ఉంటుంది.

ఎంత? రోజూ వేసుకుంటే కనీసం 10 మైక్రోగ్రాములు. వారానికి ఒక్కసారే అయితే 2000. ఒక్క దఫాలో శరీరం బాగా పీల్చుకునేది రెండు మైక్రోగ్రాములకు అటూ ఇటూ. మిగిలినదాంట్లో నూటికి ఒక వంతే ఎక్కుతుంది. వారానికోసారి డోసు అంత పెద్దగా ఉండేది అందుకే. మందుల షాపులో మిథైల్‌కోబాలమిన్ 500, 1500 మాత్రలు దొరుకుతాయి. 500 అయితే వారానికి నాలుగు, 1500 అయితే రెండు.

కొనేటప్పుడు అట్ట వెనక్కి తిప్పి చదవండి. మిథైల్‌కోబాలమిన్ పేరుతో అమ్మే మాత్రల్లో చాలావాటిలో ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ కలిసి ఉంటాయి. అవి నరాల నొప్పికి డాక్టరు రాసే మందులు, మత్తు తెస్తాయి. మీకు కావలసింది బి12 ఒక్కటే ఉన్న మాత్ర.

మారడానికి ముందు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి రక్తపరీక్ష (బి12, హిమోగ్లోబిన్, విటమిన్ డి) చేయించుకోండి. బి12 అప్పటికే మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కన్నా తక్కువుంటే పై లెక్క పనికిరాదు. డాక్టరు చెప్పిన డోసో ఇంజెక్షనో తీసుకోవాలి.

పెరుగు లేకుండా ఎండాకాలం ఎట్లా గడుస్తుంది?

చెనిక్కాయ పెరుగు చేసుకోవచ్చు. గిన్నెడు పచ్చి చెనిక్కాయ గింజలు (150 గ్రాములు) 8 గంటలు నానబెట్టి, పైనున్న ఎర్రపొట్టు మొత్తం నలిచి తీసేయండి. పొట్టు మిగిలితే పెరుగు వగరుగా, మట్టిరంగులో వస్తుంది. మూడు గిన్నెల నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ మెత్తగా రుబ్బి, పలుచటి గుడ్డలో పిండండి. పిప్పిని పారేయకుండా వడల్లోనో పప్పులోనో వేసుకోవచ్చు.

ఆ పాలను సన్నని సెగ మీద, గరిటె ఆపకుండా తిప్పుతూ పది నిమిషాలు కాగబెట్టాలి. తిప్పడం ఆపితే అడుగంటుతుంది, సెగ పెద్దదైతే విరిగి తరకలు కడుతుంది. చిటికెనవేలు ముంచితే వెచ్చగా, ఓర్చుకోగలిగినంతగా ఉన్నప్పుడు తోడు వేయాలి. మొదటిసారి తోడెక్కడిది? ఏడెనిమిది పచ్చిమిరపకాయలను బాగా కడిగి, తొడిమలతో సహా మునిగేలా వేసి మూత పెట్టండి. తొడిమలకు అంటుకునుండే సూక్ష్మజీవులే తోడు పని చేస్తాయి. ఎండాకాలం 6 నుంచి 8 గంటలు, చలికాలం 12.

మొదటి విడత పలుచగా, కొంచెం వాసనతో వస్తుంది. అది తినడానికి కాదు, తోడుకు. దాంట్లోంచి ఒక చెంచా తీసి కొత్త పాలలో వేస్తే రెండో విడత గట్టిగా తోడుకుంటుంది. నాలుగైదు విడతల తర్వాత తోడు నీరసపడుతుంది, మళ్లీ మిరపకాయలతో మొదలుపెట్టాలి. పైన నీళ్లు తేలితే ఎక్కువసేపు ఉంచారని అర్థం, ఫర్వాలేదు, కలిపేయండి. జిగురుగా సాగినా, గులాబీ రంగో నల్లమచ్చలో కనిపించినా మాత్రం గిన్నెడూ పారబోయండి.

ఉన్నమాట చెప్పాలంటే ఎనుము పెరుగు రుచి దీనికి రాదు. మజ్జిగగా మాత్రం బాగుంటుంది. ఒక వంతు పెరుగుకు మూడు వంతుల నీళ్లు, దంచిన అల్లం, కరివేపాకు, ఇంగువ, ఉప్పు, పైన సగం నిమ్మకాయ. అంబలికి కూడా మజ్జిగ బదులు ఇదే పోయొచ్చు, లేదా గంజి, ఎర్రగడ్డ ముక్కలు, నిమ్మరసంతో సరిపెట్టొచ్చు.

టీ?

ప్యాకెట్టు సోయా పాలే అన్నిటికన్నా దగ్గరగా ఉంటాయి. చెనిక్కాయ పాలతో టీ బాగుండదు, ప్రయత్నించి పాలు వృథా చేయొద్దు. సోయా పాలు టీలో విరగడానికి కారణం టీలోని పులుపూ వేడీ. అల్లాన్ని ముందే నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించండి, పచ్చి అల్లం ఏ పాలనైనా విరిచేస్తుంది. డికాక్షన్ దించి అరనిమిషం ఆగి, వేరుగా వేడిచేసిన సోయా పాలను చివర్లో పోయండి. పోశాక మళ్లీ పొయ్యి మీద పెట్టొద్దు.

ఇంట్లో చేసుకునేవాళ్లకు: సోయా చిక్కుడు గింజలు 100 గ్రాములు 8 గంటలు నానబెట్టి, మరిగే నీళ్లతో (చల్లనీళ్లతో రుబ్బితే పచ్చివాసన పుడుతుంది) నాలుగు గ్లాసులు పోస్తూ రుబ్బి, వడగట్టి, 15 నుంచి 20 నిమిషాలు కాగనివ్వాలి. నురుగు విపరీతంగా పొంగుతుంది, పాలకు మూడింతలు పట్టే గిన్నె పెట్టుకోండి. పొంగు రాగానే దించేస్తే సరిపోదు, పచ్చి సోయాలో జీర్ణాన్ని అడ్డుకునే పదార్థం ఉంటుంది, అది కాగితేనే పోతుంది.

పాలు మానితే ఎముకలు బలహీనపడవా?

పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 ఉంటుంది. ఇది దాదాపు ఒకటిన్నర గ్లాసు ఆవుపాలకు సమానం. అయితే రాగుల్లో కాల్షియం ఉండేది ఎక్కువగా పైపొట్టులో. మరలో ఆడించుకొచ్చిన పిండిని తెల్లగా ఉండాలని సన్నజల్లెడ పడితే సగం లాభం పొట్టుతో పోతుంది. రాగులను ఒక రాత్రి నానబెట్టి, మొలక వచ్చాక ఎండబెట్టి ఆడిస్తే ఒంటికి ఇంకా బాగా పడుతుంది.

మిగతాది మునగాకు, ఉలవలు, పొట్టుతీయని నువ్వుల నుంచి రావాలి. పాలకూర మీద ఆశ పెట్టుకోవద్దు. అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. కొనే సోయా పాలలో కాల్షియం కలిపిన రకమే తీసుకోండి. అడుగున పేరుకుంటుంది కాబట్టి డబ్బాను బాగా ఊపాలి.

సంగటి కొలత అడిగేవాళ్ల కోసం: అరగ్లాసు బియ్యం మూడు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించి, ఎసరు ఇంకా పైన ఉండగానే గ్లాసు రాగిపిండి కుప్పగా పోయండి. కలపొద్దు. మూతపెట్టి సన్నసెగన ఎనిమిది పది నిమిషాలు. పిండి ఆవిరికి మగ్గాకే కట్టెతో గెలకాలి. ముందే కలిపితే ఉండలు కడుతుంది, ఉండ లోపల పచ్చిపిండి కడుపునొప్పి తెస్తుంది.

రక్తం తగ్గిపోతుందంటున్నారు.

మొక్కల్లోని ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది. పక్కన సి విటమిన్ ఉంటే బాగా పడుతుంది. పప్పులో దించాక నిమ్మకాయ పిండండి. చింతపండులో పులుపుంది కానీ సి విటమిన్ నామమాత్రం. భోజనం అయిన వెంటనే టీ తాగే అలవాటుంటే గంట దూరం పెట్టండి. ఇనుప బాండలిలో పులుసు కాచినా కొంత చేరుతుంది. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి, మగవాళ్లకు 19. ఇప్పటికే హిమోగ్లోబిన్ తక్కువున్నవాళ్లు తిండితో సరిచేసుకుందామని కూర్చోకుండా మాత్రలు వాడాలి.

పప్పన్నంలో నెయ్యి బదులు?

గానుగ చెనిక్కాయ నూనె ఒక చెంచా, పచ్చిగానే. నువ్వులనూనె కూడా. ఓళిగలు నూనెతో కాల్చి, పైన నెయ్యికి బదులు బెల్లం కలిపిన కొబ్బరిపాలు పోసుకోవచ్చు. వనస్పతి మొక్కల నూనెతోనే చేస్తారు, కానీ నెయ్యి స్థానంలో దాన్ని రోజూ పెట్టుకోవద్దు.

ఆదివారం ఆ మసాలా లేకపోతే ముద్ద దిగదు.

మసాలా మీదే. ధనియాలు, ఎండుకొబ్బెర, గసగసాలు, చెక్క, లవంగం, అల్లం తెల్లగడ్డ ఏదీ మాంసం కాదు. లోపల ఏం వేయాలన్నదే ప్రశ్న. మీల్‌మేకర్ 50 గ్రాములు వేస్తే 25 గ్రాముల ప్రోటీన్. ఉప్పువేసిన వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి, పిండి, మళ్లీ మంచినీళ్లలో వేసి ఇంకోసారి గట్టిగా పిండండి. సరిగా పిండకపోతే నీళ్లు నిలిచి మసాలా లోపలికి పోదు, సోయావాసన పోదు. ఎర్రగడ్డ వేగాక ముక్కల్ని నూనెలో మూడు నాలుగు నిమిషాలు వేయించి అప్పుడు మసాలా, నీళ్లు. పుట్టగొడుగులు, పనసకాయ రుచికి బాగుంటాయి, ప్రోటీన్ కోసం వాటిని లెక్కలో వేయొద్దు. సంక్రాంతి రోజుల్లో అనపగింజలు వస్తాయి, వాటిని పితికి ఇదే మసాలాతో పులుసు పెడితే మీల్‌మేకర్ అక్కర్లేదు.

హోటల్లో, ప్యాకెట్లలో పాలు ఉన్నాయో లేదో ఎట్లా తెలుస్తుంది?

ఉగ్గాని, మిరపకాయ బజ్జీ భయం లేదు: బొరుగులు, పప్పుల పొడి, ఎర్రగడ్డ, నిమ్మ. కారం దోసెకు నూనె వేయమని ముందే చెప్పండి, అడగకపోతే వెన్నో నెయ్యో పడుతుంది. మైసూరు బోండా పిండిలో పెరుగు, వెజ్ బిర్యానీలో పెరుగు నెయ్యి రెండూ, పొంగలిలో నెయ్యి ఉంటాయి. పరోటా పిండిలో పాలో గుడ్డో ఉండొచ్చు. ఇంట్లో ఎవరూ గుర్తుపట్టనిది ఒకటుంది, చల్లమిరపకాయలు. మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టినవి.

ప్యాకెట్టు మీద ఆకుపచ్చ చుక్క ఉంటే పాలు లేవని కాదు. మాంసం, గుడ్డు లేవనే అర్థం. వీగన్ సరుకుకు 2022 నిబంధనలతో వేరే గుర్తు వచ్చింది, ఆకుపచ్చ వి అక్షరం, దానికి చిన్న ఆకు. అది లేకపోతే పదార్థాల జాబితాలో మిల్క్ సాలిడ్స్, వే, కేసినేట్ అన్న మాటలు వెతకండి. బిస్కెట్లలో ఎక్కువగా దొరుకుతాయి. విటమిన్ డి3 సాధారణంగా గొర్రె ఉన్ని కొవ్వు నుంచి తీస్తారు, జెలటిన్ గొట్టాల్లో అమ్ముతారు. అదీ వద్దనుకుంటే డి2 అడగండి.

గర్భిణులు, బాలింతలు, పిల్లలు?

బి12 లేకుండా ఒక్క నెల కూడా వద్దు. తల్లికి లోపముంటే పాలు తాగే బిడ్డకు ఎదుగుదల, నరాలు దెబ్బతింటాయి. డాక్టరుకు మీ తిండి ఇదీ అని ముందే చెప్పి మొదలుపెట్టండి. పిల్లల పొట్ట చిన్నది, పీచు తిండితో తొందరగా నిండుతుంది కానీ బలం చాలదు. వాళ్లకు చెనిక్కాయ ముద్ద, నువ్వుల ఉండలు, నూనె ధారాళంగా ఉండాలి. ఐదేళ్లలోపు పిల్లలకు గుండు చెనిక్కాయలు ఇవ్వొద్దు, గొంతుకు అడ్డంపడతాయి, పొడిచేసి పెట్టండి.

షుగరు, థైరాయిడ్ మందులు వాడుతున్నాం.

మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు బి12 మామూలుగానే తగ్గుతుంది, కాబట్టి వాళ్లకు ఆ మాత్ర మరీ అవసరం. గింజలు, పీచు పెరిగితే షుగరు దిగొచ్చు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు మొదటి నెల తరచూ చూసుకుంటూ డాక్టరుతో డోసు మార్పించుకోవాలి. థైరాయిడ్ మాత్రకూ సోయాకూ మధ్య నాలుగు గంటలుండాలి. రక్తం పలుచబడే మందు వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచొద్దు. కిడ్నీ జబ్బున్నవాళ్లు సొంతంగా మొదలుపెట్టనే కూడదు.

ఇంట్లో ఎనుముంది. పాలు ఏం చేయాలి?

కేంద్రానికి పోసే పాలు పోయండి. ఇంటి జరుగుబాటు ఆ పాల మీద ఉంటే, తినే తిండి మార్చుకోవడానికి ఎనుమును అమ్మాల్సిన పనిలేదు. ఇంట్లో ఒకరు మారి మిగతావాళ్లు మారకపోతే వంట రెండుసార్లు వద్దు: పప్పు, పులుసు నూనెతోనే తాలింపు పెట్టి, నెయ్యి, పెరుగు ఎవరికి కావాలో వాళ్లు పళ్లెంలో వేసుకుంటే సరి.

నెల అయింది, నీరసంగా ఉంది. తప్పెక్కడ?

చాలావరకు తిండి తగ్గడమే. మొక్కల తిండి బరువు ఎక్కువ, శక్తి తక్కువ. పళ్లెం నిండా ఉంటుంది కాబట్టి సరిపోయిందనిపిస్తుంది. గుప్పెడు చెనిక్కాయలు (30 గ్రాములు) దాదాపు 170 క్యాలరీలు, సాయంత్రం పూట అవి బెల్లంతో తిని పది రోజులు చూడండి. రాతి ఉప్పుకో సైంధవ లవణానికో మారిపోయుంటే అయోడిన్ ఉప్పుకు తిరిగి రండి, పాలూ గుడ్డూ కూడా లేనప్పుడు అయోడిన్‌కు ఇంకో దారి పెద్దగా లేదు. రోజూ చెంచాడు అవిసెగింజల పొడి ఒమేగా-3 కొవ్వు కోసం. గింజల్ని అలాగే మింగితే అలాగే బయటికి పోతాయి, పొడిచేయాల్సిందే. ఇవన్నీ సరిగా ఉండి కూడా నీరసం, కాళ్ల తిమ్మిరి ఉంటే రక్తపరీక్షకు వెళ్లండి.

పెళ్లిళ్లలో, జాతరలో బలవంతం చేస్తే?

"ఒంటికి పడదు" అంటే మన వైపు ఎవరూ రెండోసారి వడ్డించరు. పెళ్లి ఆకులో చిత్రాన్నం, పప్పు, వేపుడు, గోంగూర, వడ మీకు పనికొస్తాయి. పాయసం, పెరుగన్నం దాటేయండి. జాతర రోజు ఊళ్లో బంధువులింటికి పోతుంటే ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. పొట్టేలు కూర వండే ఇంట్లో కూడా సంగటికి పక్కన ఒక ఊరుబిండి నూరడం ఎవరికీ బరువు కాదు. కూర్చున్నాక చెబితేనే వాళ్లకు కష్టం.